లెక్కలో లేని చుట్టు

వెనక కుడి చక్రం ఆకుకి
అమ్మ పాత లంగాలోంచి చింపిన ఎర్ర పేలిక కట్టి
"ఇది పైకొచ్చినప్పుడల్లా ఒకటి" అన్నాడు నాన్న.
మూడువందల అరవై చుట్లయితే ఒక మైలు.
మైలుకో ముడి, జనపతాడుకి.
నాకప్పుడు పదకొండేళ్లు.
కెజయా అంటే ఆ బండ్ల బారు మొత్తానికీ
దూరం తెలిసిన ఒకే ఒక్క మనిషి.

మేమంతా నడిచేవాళ్లమే.
బండి మనుషులకి కాదు,
పిండి బస్తాలకి, నాగలి కర్రుకి.
దాని కింద వేలాడే పాలకుండ
కుదుపులకి తనంతట తనే చిలుక్కుని
సాయంత్రానికి వెన్నయ్యేది.
పొయ్యిలోకి అడవిదున్నల ఎండు పేడ:
మొదట్లో రెండు వేళ్లతో, ముక్కు మూసుకుని;
జూన్ నాటికి ఒడినిండా.

పక్కనే ప్లాట్ నది, మాకెదురుగా వస్తూ.
మేం పోయే చోటినుంచే వస్తోంది,
ఏం చూసొచ్చిందో చెప్పదు.

లెమ్యుయెల్ పొద్దున గంజి అడిగాడు.
మధ్యాహ్నానికి కళ్లు గుంటలు పడ్డాయి.
చీకటి పడేసరికి, వాడికి సరిపోయే పెట్టె
ప్రాథర్ వాళ్ల ఆర్ఫా గోడగడియారం పెట్టె ఒక్కటే.
గడియారాన్ని తీసి గడ్డిలో పెట్టిందావిడ.
చాలాసేపు అది కొట్టుకుంటూనే ఉంది.

గొయ్యి బాటలోనే తవ్వారు, నడిమధ్యన.
రాయి లేదు, శిలువ లేదు.
తోడేళ్లకి జాడ తెలియకూడదని
తెల్లారగానే ముప్ఫై ఒక్క బండ్లూ దానిమీంచి తోలారు.
గట్టుమీద గుర్రంతో పానీ తెగవాడొకడు
చూస్తూ నిలబడ్డాడు.
మా చక్రాలకంటే ముందునుంచీ
వాళ్లదే ఆ దారి.

మాది చివరి బండి.
ఎద్దుల ముందు నిలబడి అమ్మ కదల్లేదు.
తర్వాత తనే కొరడా అందుకుంది.
ఎర్ర పేలిక కిందికి దిగింది.
అడుగున ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టాను.
పైకొచ్చింది, మట్టంటుకుని.

ఆ చుట్టు నేను లెక్క వేయలేదు.

విలమెట్ లోయలో, అక్టోబరు ముసురులో
నాన్న ముడులన్నీ రెండుసార్లు లెక్కబెట్టి
మిగిలిన చుట్లు నన్నడిగి కలిపి
అందరికీ వినబడేలా అంకె చెప్పాడు.
బైబిలు అట్ట లోపల రాశాడు, సిరాతో.
నేను సరిదిద్దలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై.
ఆ నది వెంట రైలు పోతోందట.
మనవడు తీసుకెళతానంటాడు,
ఎక్కడ దిగాలో చెప్పమంటాడు.

పద్నాలుగడుగుల ఎనిమిదంగుళాల ఊరు.
టికెట్టు మీద దానికో పేరు రాయాలి కదా.