ఆరునొకటి

గుణుపురం సంతలో ధాన్యం కొలిచే దాలమ్మ
మొదటి కుంచానికే "లాభం!" అని అరిచింది.
తెర మీద అల లేచి పైఅంచుకి తగిలి
తలకొట్టిన కుంచంలా చదునైపోయింది.
కాస్త దించాను.
రెండు, మూడు... గొంతులో ఊక,
పక్కన ఒడియా షావుకారి దగ్గు.
దగ్గుకి అటో చుక్క ఇటో చుక్క పెట్టి
నడుమ గీతని లోయలోకి లాగాను.

ఆరు దాటాక అల చతికిలబడింది.
ఆ అంకె పేరెత్తితే ఏడుపే మిగుల్తాదని
"ఆరునొకటి" అంటుంది, అదీ గొణుగుడుగా.
మళ్లీ నాలుగు చుక్కలు.
ఆరు డెసిబెల్స్ పెంచాను, చాల్లేదు.
ఇంకొకటి.

ఆమెతోపాటే లేచాయి
ఫ్యాను కిర్రు, నౌపడ రైలు కూత,
గోనెసంచి మూతి విప్పిన చప్పుడు,
అన్నిటి అడుగునా ఎవడో చదువుకున్నవాడు
"ఏడు కదమ్మా?" అంటున్నాడు.

నేనే.
అప్పుడు తలెత్తి ఆమె చూసిన చూపు
మైకుకి అందలేదు.

నన్ను సున్నాకి దించబోతే
ఆమె మాట తోక కూడా మునిగిపోతోంది.
ఒకదాని మీదొకటి పడ్డ గొంతులు,
గింజా రాయీ కావు చెరిగేయడానికి.
పెట్టిన చుక్కలన్నీ తీసేశాను.

"ఎనిమిది" అంటోంది దాలమ్మ,
కుంచం తల అరచేత్తో రాస్తూ,
సంతంతా వినపడేలా.