ముప్పై ఎనిమిది యూనిట్లు

నేను కరెంటు మీటర్లు చదివేటోన్ని.
పొద్దుగాల జడ్చర్లల మొదలుపెడితే
పన్నెండు కొట్టేసరికి చేతుల మిషను
జరమొచ్చిన పిలగాని లెక్క కాలుతది.
టోపీ కింద తడిగుడ్డ, జేబుల ఉల్లిగడ్డ.
మా అమ్మ చెప్పిన మందు.

ఎండ అందరికి ఒక్కటే అంటరు.
నేనూ అట్లనే అనుకునేటోన్ని
గోడల మీది అంకెలు చదవనంతవరకు.

మూడంతస్తుల ఇంటి మీటరు: తొమ్మిది వందల పన్నెండు.
తలుపు తీయంగనే లోపలి చల్లదనం
కాళ్ల మీదికి పాకొస్తది.
సారు మంచోడే. నిమ్మకాయ నీళ్లిచ్చిండు.
"ఈ యేడు ఎండలు మరీ ఘోరమప్పా" అన్నడు,
భుజాల మీద శాలువా సదురుకుంట.

ఆ ఇంటి ఎనుక గోడకు ఏసీ డబ్బాలు నాలుగు.
అవి ఊదేది సందులకు.
సందుల ఉన్నది మొగులమ్మ రేకులిల్లు.
ఎవరింట్ల ఉక్కపోత ఎవరింట్ల పడుతున్నదో
ఏ గడిల రాయాల్నో నా మిషనుకు తెల్వది.

ఆమె మీటరు: ముప్పై ఎనిమిది.
"రెండొందల దాక ఫ్రీ అంట గద సారు,
ఏం పెట్టి కాల్చుకుందు?
ఉన్న ఒక్క ఫ్యాను, తిప్పితే నిప్పులు కొడ్తది."
నేను సారును గాను. ఆ మాట చెప్పలే.

కుర్మయ్య పోయిన యేడు మే నెలల పోయిండు.
బైపాసు రోడ్డుకు తారు పోస్తుండె.
మూడింటికి అన్నం వద్దన్నడు,
నాలుగింటికి నీళ్లు గూడ.
తెల్లారి మన్నుల పెట్టిండ్రు.
వడదెబ్బ అని రాయాల్నంటే కోసి చూడాల్నట,
కాయిదం కావాల్నట.
"కాలినోన్ని మళ్ల కోస్తమంటే
ఎట్ల ఒప్పుకుందు?"

ఆ రోడ్డు మీదికెళ్లే నా బండి పోతది ఇప్పుడు.
మెత్తగ.

బిల్లు చింపి ఇచ్చిన. సున్నా రూపాయలు.
రేకు కింద వాసానికి చెక్కుకున్నది.

నెల తిరిగి పోతే అది అక్కడనే ఉన్నది,
నల్లగ.
ఆ కాయిదం జాతే అంత, వేడి తగిల్తే మాడుతది.
పేరు లేదు, తారీఖు లేదు, అంకె లేదు.
సారింట్ల ఫ్రిజ్జుకు అంటించిన బిల్లు మటుకు
ఉగాది కాడిది, ఇంక తెల్లగనే ఉండె.

మొగులమ్మ ఆ నల్ల ముక్కను
అటు తిప్పి, ఇటు తిప్పి
"ఇది దేని లెక్క సారు?" అన్నది.

మిషను గుయ్యిమన్నది.
పక్కింటి మీటరు కాడికి పోయిన.