దులపకూడని బూజు

వేళచ్చేరిలో కింది వాటా.
కార్తీకం వానలు వెలిసి నెల దాటింది,
పడమటి గోడ ఒక్కటీ ఇంకా తడుస్తూనే ఉంది.

"రెండు కోటింగులు లాగించెయ్, తవిటయ్యా,
ఒకటో తారీఖుకి కొత్తవాళ్ళు దిగుతారు."
వరదరాజులు నాయుడు గారు తాళం నా చేతిలో పెట్టి
స్కూటర్ దిగకుండానే వెళ్ళిపోయారు.

బీరువా ఉన్న చోట
గోడ మీద బీరువా అంత నలుపు.
మసి కాదు. మసికి ఊపిరి ఉండదు.
దీనికి ఉంది, తలుపు తియ్యగానే నా మొహం మీద వదిలింది:
తడి గోనెసంచి, మూసిన ట్రంకుపెట్టె, మురిగిన నిమ్మతొక్క.

పక్కనే పెన్సిలు గీతలు.
యోజిత, మూడేళ్ళు. యోజిత, మూడున్నర. నాలుగు.
నాలుగు దగ్గర గీతలు ఆగిపోయాయి.
నలుపు ఆగలేదు.

గూట్లో ఒక ప్లాస్టిక్ మాస్కు మరిచిపోయారు,
ఆవిరి మందు పీల్చేది, చిలక ముక్కంత.
ఎదురుగా ఇస్త్రీ బండి ఆయన చెప్పాడు:
రాత్రిళ్ళు ఆ పిల్ల ఈల వేసినట్టు ఊపిరి తీసేదట,
అమ్మమ్మ ఊరెళితే వారానికే తేరుకునేదట,
తిరిగొస్తే మళ్ళీ ఈల.
"పిల్ల అర్భకపుది" అనేవారట ఓనరు గారు.
ఇంటికి జబ్బు చేసిందని ఎవరికీ తోచలేదు.

పట్టీ బ్లేడుతో ఒక పెచ్చు లేపాను.
పెచ్చు మీద లేత మీగడ రంగు.
ఆ రంగు నాకు తెలుసు.
రెండేళ్ళ కిందట, ఇదే నలుపు మీద, ఇదే చెయ్యి
ఒక్క పూటలో వేసి, కూలి లెక్కపెట్టుకున్న రంగు.

మా వైపు ఏటా బూజు దులుపుతారు,
తలకి తువ్వాలు చుట్టి, వెదురు కర్రకి చీపురు కట్టి.
సాలెగూటికీ దీనికీ ఒకటే పేరు పెట్టారు పెద్దలు.
మందు మాత్రం ఒకటి కాదు.
దీన్ని దులిపితే చావదు, ఎగురుతుంది,
కంటికి ఆనని విత్తనాలై
పరుపులోకి, ఫ్యాను రెక్క మీదికి, గొంతులోకి.
మా మేస్త్రి గురునాథం ముప్పై ఏళ్ళు పొడిగోడలు గీకాడు.
ఇప్పుడు రెండు మెట్లెక్కి మూడో మెట్టు మీద కూర్చుంటాడు.

అందుకని ముందు కిటికీలు తెరిచాను.
ముక్కుకి గట్టి మాస్కు, మోచేతుల దాకా గ్లౌజులు.
సబ్బు నీళ్ళతో తడిపి, తడిగుడ్డతోనే తుడిచి,
ఆ గుడ్డల్ని సంచిలో వేసి మూతి బిగించాను.
వాళ్ళు వదిలేసిన బొంత మీద కూడా చుక్కలే.
ఉతికితే పోవు. అదీ సంచిలోకే.

ఇస్త్రీ ఆయన భార్య సాయానికని
ఒక చేత్తో బ్లీచింగు, ఒక చేత్తో బాత్రూము యాసిడ్ తెచ్చింది.
"అక్కా, ఆ రెండూ ఒకే బకెట్లో పడితే
బూజుకన్నా ముందు మనం పోతాం" అన్నాను.
ఆమె నవ్వింది. నేను నవ్వలేదు.

పై వాటా బాత్రూములో పైపు చెమరుస్తోంది.
అది మానకుండా గోడ మానదని ఫోన్లో చెప్పాను.
"నువ్వు పెయింటరువా, డాక్టరువా?"
ఏమనాలో తెలీలేదు.
ప్లంబరు వచ్చేదాకా బ్రష్షు పట్టనన్నాను.
అవతల చాలాసేపు ఉత్త స్కూటర్ శబ్దం.

ప్లంబరు వచ్చి వెళ్ళి ఆరు రోజులు.
రోజుకి తొమ్మిదివందలు పోతున్నాయి.
పొద్దున్నే వచ్చి, జ్వరం చూసినట్టు
గోడకి అరచెయ్యి ఆనిస్తాను.
ఇంకా చల్లగానే ఉంది.

పెయింటు డబ్బా మీద కూర్చుని టీ తాగుతాను.
మూత తియ్యను.