నీళ్లు తెచ్చిన మన్ను

బుడమేరు తీసిన తొమ్మిదో రోజు
నాగుల్ మీరా కొట్టు షట్టరు పైకెత్తితే
లోపల మోకాలి లోతు ఒండ్రు.
పాత బట్టీ
టీలో మరిచిపోయిన రస్కులా
ఉన్నచోటే కూలబడి ఉంది.

"కరెంటు ఓవెన్ పెట్టుకో అన్నా, లోను ఇప్పిస్తా"
అన్నాడు ఎదురింటి ఫణికుమార్.
మీరా ఏమీ అనలేదు.
ఒండ్రు ముద్ద ఒకటి తీసి
బొటనవేలితో నొక్కి చూశాడు.
నేను అతని దగ్గర పిండి పిసికే మనిషిని.
రెండు నెలల జీతం రాదని
ఆ బొటనవేలే చెప్పింది.

పాయకాపురం రోడ్డు పక్కన పొయ్యిలు చేసి అమ్మే
సామ్రాజ్యమ్మను ఆటోలో తీసుకొచ్చాం.
మన్ను చిటికెడు నాలిక మీద వేసుకుని
తుపుక్కున ఊసి,
"జిగురుంది. మురుగూ ఉంది.
ఎండబెట్టండి, జల్లెడ పట్టండి, మళ్లీ నానెయ్యండి.
ఇది సాలదు, ఇంకా కావాల."

సింగ్ నగర్‌లో మన్నుకేం కరువు!
ఎవరింటి ఒండ్రు వాళ్లు బక్కెట్లతో మోసుకొచ్చారు,
పారబోయడానికి చోటు దొరికిందన్నంత సంబరంగా.
మంచాల కింది మన్ను, బీరువాల్లోని మన్ను,
దేవుడి గూట్లోది విడిగా కవర్లో కట్టి తెచ్చింది గాజుల కోటేశ్వరి.
జల్లెడలో
పెన్సిలు ముక్క, చేప పొలుసులు,
గ్యాసుబండ సీలు,
టైలరు ఇమాంబీ కొట్లోంచి కొట్టుకొచ్చిన గుండీలు, గుప్పెడు.

తడి ఇసుకతో గుమ్మటం పోసింది ముసల్ది.
దాని మీద పాత పేపర్లు తడిపి పరిచింది.
అవి ఆ వారం పేపర్లే.
డాబాల మీద నిలబడి చేతులూపుతున్నది మేమే.
ఊక కలిపి మేం తొక్కిన మన్ను
జానెడు మందాన మా మీదే మెత్తింది.

"గుమ్మటం మూడు పాళ్లయితే
వాకిలి రెండు పాళ్లు, ఒక వేలు తక్కువ.
ఎత్తయితే ఏడి ఎల్లిపోద్ది,
పొట్టయితే మంటకి ఊపిరాడదు."
ఎవరు చెప్పారు నీకు, అన్నాను.
"మంటే చెప్పింది.
నువ్వు మద్దెలో మాట్టాడకు."

పది రోజులాగి ఇసుక తోడేశాం.
తల దూర్చి సెల్‌ఫోన్ లైటు వేస్తే
లోపలి గోడకు పేపరు అక్షరాలు
తిరగబడి అంటుకున్నాయి.
"సాయం" ఒక్కటే చదవగలిగాను.
మిగతాది మంట చదువుకుంది.

మొదట కొబ్బరి పీచు. మర్నాడు చితుకులు.
మూడోనాడు నెర్రెలు.
మీరా మొహం పాలిపోతే ముసల్ది నవ్వి
పల్చటి మన్ను వేలితో పూసింది,
పగిలిన మడమకి వెన్న రాసినట్టు.
ఆ తర్వాతే తుమ్మ మొద్దులు.

నల్లబడ్డ కప్పు తెల్లబడే దాకా మండించి
నిప్పులు ఇవతలికి లాగి
తడి గోనెతో నేల తుడిచాం.
"సెయ్యెట్టి లెక్కెట్టు" అంది మీరాతో.
అతనికి అంకెలతో పనిలేదు.
వీధి మొదట్నించీ ఇళ్ల పేర్లు చెప్పుకుంటూ పోతాడు.
జాన్ సుందరం వాళ్లు, గాజుల కోటేశ్వరి,
ఫణికుమార్, మేడ మీద నర్సమ్మ, టైలరు ఇమాం...
చెయ్యి లాగేసుకున్నాడు.

"ఇంకా సల్లారాల."

గోనె తలుపు అడ్డం పెట్టి కూర్చున్నాం.
బన్నులు పొంగుతున్నాయి ట్రేలలో.
ఎవరూ మాట్లాడలేదు.
మళ్లీ చెయ్యి పెట్టాడు.
ఈసారి ఇమాంబీని దాటి, రెండిళ్లు దాటి,
చివరి పాల డిపో దాకా వెళ్లొచ్చింది చెయ్యి.
"ఇప్పుడెయ్యి."

మొదటి వాయి అడుగు కాస్త మాడింది.
మురుగు వాసనొస్తుందేమోనని
కొరికే ముందు అందరూ వాసన చూశారు.
నర్సమ్మ రెండు తింది.

బన్నుల తర్వాత బిస్కెట్లు,
మిగిలిన వేడికి రేపటి తడి కట్టెలు.
రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు
వాకిలి పక్కన వేలికి తగులుతుంది
జల్లెడ తప్పించుకున్న ఒక గుండీ అచ్చు.
గుండీ కాలిపోయింది. నాలుగు చుక్కలున్నాయి.

ఇమాంబీ గుడివాడలో చెల్లెలి దగ్గరుందంటారు.
తలుపుకి తాళం.
గోడ మీద నీటి చార ఇంకా ఉంది.

తెల్లారుజామున మీరా లెక్క వింటుంటాను.
ఆ ఇంటి పేరు ఒక్కరోజూ వదలడు.
ఎందుకన్నా, ఎవరూ లేరుగా, అంటే
చెయ్యి తీయకుండానే అంటాడు:

"ఒక్క ఇల్లు వదిలితే
డిపో ముందే వచ్చేస్తుంది.
బన్ను మాడిపోద్దిరా."