ఎన్నూరు మొగ, ఆటు వేళ

ఆటు మొదలై గంటన్నర.
కుశస్థలి ఇక్కడికొచ్చేసరికి
అరవంలో ఇంకో పేరుకు పలుకుతుంది.
ఏ పేరుతో పిలిచినా నీళ్లకు బూడిద రుచి.

మోకాటిలోతు బురదలో ఇనప చట్రం దించాను.
అర మీటరు ఇటు, అర మీటరు అటు.
నా ఉద్యోగం ఇంతే:
ఈ నాలుగు కమ్మీల మధ్య ఎన్ని ప్రాణాలో
తడిసిన కాగితం మీద పెన్సిలుతో రాయడం.

పోయిన మార్చిలో ఇదే చోట
పచ్చ మట్టిచిప్పలు పంతొమ్మిది, రొయ్యపిల్లలు ఆరు,
పేరు తెలియని పురుగొకటి.
ఇవాళ ఆలిచిప్పలు.
నాలుగు వందల పన్నెండు దాకా వచ్చాక
పైన కొంగ అరిచింది, లెక్క తప్పింది,
మళ్లీ మొదటినుంచి.

నల్లగా, గోరంతవి, బొటనవేలంతవి,
ఒకదాన్నొకటి దారాలతో బిగించుకుని
బురద మీద చాప నేసేశాయి.
ఏ ఓడ కడుపులో నీళ్లతో వచ్చాయో
ఏ తుఫాను వీటికి గడియ తీసిందో,
మా సారు మూడు ఊహలు చెబుతారు,
మూడింటి పక్కనా ప్రశ్నార్థకం పెట్టమంటారు.
కరెంటు కర్మాగారం వదిలే గోరువెచ్చని నీళ్లు
వీటికి పురుడు పోస్తున్నట్టున్నాయని
నేను మార్జిన్లో రాసుకున్నాను.
మార్జిన్లో రాసింది ఎవరూ అడగరు.

దేశమ్మ నాకంటే ముందే దిగింది.
తాటాకు బుట్ట పళ్లతో కరిచిపట్టి
రెండు చేతులా బురద తడుముతూ పోతుంది.
బుట్ట నోట్లో ఉన్నంతసేపూ మాట ఉండదు.
రొయ్య పడేకొద్దీ బుట్ట బరువెక్కి
సాయంత్రానికి మెడ పట్టేసేదట.
ఈమధ్య మెడనొప్పే లేదు.

గట్టెక్కి చేతులు చాపింది.
పదహారు గాట్లు. (లెక్కపెట్టాను, అలవాటు.)
"ఇంతకుముందు వేలు దూరిస్తే
బురద బదులు పలికేది," అంది.
"ఇప్పుడు లోపల గడియ పెట్టుకుంది."

రాత్రి తిరువొత్తియూరు గదిలో, తిరగని ఫ్యాను కింద,
సమీకరణం తీశాను.
ఒక జాతి, ఇంకో జాతి, మధ్యలో ఆల్ఫా:
నీ ఉండటం నా మీద ఎంత బరువో చెప్పే అంకె.
రొయ్య మీద ఆలిచిప్ప బరువు వేశాను,
మట్టిచిప్ప మీద వేశాను.
బురదకు గడి లేదు, అది జాతి కాదు.
వచ్చినదాన్ని తిట్టడానికీ గడి లేదు, అదీ మంచిదే.
నేనూ సూళ్లూరుపేట నుంచి జరిగినవాణ్ణే,
వేడికి ఓర్చి, ఉప్పుకు ఓర్చి,
దొరికిన గోడకు అంటుకున్నవాణ్ణే.
నేను అంటుకున్న చోట
ఎవరి వేళ్లు తెగాయో మాత్రం ఏ కాగితం మీదా లేదు.

మర్నాడు చట్రం కడుగుతుంటే
దేశమ్మ దాన్ని లాక్కుంది.
నేల మీద పెట్టి, అందులో అరచెయ్యి ఆనించి,
"దీన్ని ఎక్కడ రాస్తావు?" అంది.
కాగితం చూశాను.
చిట్టచివర 'ఇతరములు' అని ఒక గడి ఉంది.
చెప్పలేదు.

నీళ్లు మళ్లుతున్నాయి. పోటు.
చట్రానికి రెండడుగుల అవతల
ఒక చిన్న పీత ఆలిచిప్పను కొండితో కొడుతోంది,
జారిపోతోంది, మళ్లీ పట్టుకుంటోంది.
రాశాను: పీత, ఒకటి.
తింటోందో, తినాలని చూస్తోందో, తెలియదు.

దేశమ్మ వంగి చాలాసేపు చూసింది.
"నేర్చుకుంటోందిలే," అని
బుట్ట మళ్లీ పళ్ల మధ్య పెట్టుకుంది.
ఆపైన ఏదో అంది.
ఏమందో ఆ బుట్టకే తెలియాలి.