పిండిమర

రాత్రి ఏడున్నరకి
పర్లాకిమిడిలో నా మిషను నడవదు.
పెళ్లి జాకెట్లయినా సరే, తెల్లారేసరికి కావాలన్నా సరే,
పాదం పెడలు మీంచి దానంతటదే దిగిపోతుంది.
‘తూర్పు గుమ్మం’ మొదలయ్యే ముందు
కంచు గంట ఒకటి మోగేది,
అది విని పక్క కొట్టు గౌరంగో పొట్లం సగంలో ఆపేసి వచ్చేవాడు.
తెలుగు ముక్క రాదతనికి.
శార్వరి కనుబొమ్మ లేపితే మాత్రం
‘సొయితానీ!’ అనేవాడు, నాకంటే ముందు.

శార్వరి చెడ్డదే. నాలుగు కొంపలు కూల్చింది.
కానీ ఆ జాకెట్టు వెనక మెడ!
రావాకు తీరున కోసి, కొసన ఒక్క ముత్యం.
సోమవారం ఆవిడ పాలల్లో విషం కలిపితే
బుధవారానికి నా కొట్లో పదకొండు ఆర్డర్లు.
ధరణి మెడ ఎవరూ అడగరు.
మంచితనానికి ఎప్పుడూ బోటు నెక్కే.

‘కూరలో ఉప్పు మర్చిపోతావు గానీ
ధరణి ఏ రోజు ఏ చీర కట్టిందో మర్చిపోవు’
అంటాడు మా ఆయన.
నిజమే. ఉప్పుకి కథ లేదు.

నా ప్రాణమంతా కనకలత మీద.
వంటింట్లో మూగపిల్ల.
పదమూడొందల భాగాల్లో ఒక్క మాట లేదు,
గరిటె పట్టుకునే తీరులోనే అన్నీ చెప్పేది.

కరెంటు ఇటు పోతే అటు ఉంటుంది.
ఏటవతల పాతపట్నంలో దీపాలు,
ఇక్కడ నా టీవీ నల్లగా నన్నే చూపిస్తూ.
మా వదిన వరాలమ్మ తన ఫోను టీవీ పక్కన పెట్టేది,
నేను చీకట్లో చెవితో చూసేదాన్ని.
కనకలత ఉన్నచోట ఏమీ వినపడదు కదా,
వదిన గుసగుసగా అందించేది:
‘ఒలే, ఇప్పుడు తల దించీసింది.’

గురువారం సెరంగో బస్సు దిగి
సుబాసి గొమాంగో వచ్చేది.
పసుపూ కొండచీపుర్లూ సంతలో అమ్మేసి
నా గుమ్మంలో కూలబడేది.
వాళ్ల కొండ మీద టీవీ లేదు.
కొంత ఒడియా, కొంత సవర,
‘ఏటయినాది?’ మాత్రం తెలుగే.
వారం కథంతా కుడుతూ చెప్పేదాన్ని.

తిత్లీ తుఫానొచ్చిన ఏడు
పదిహేను రోజులు కరెంటు లేదు, వదిన ఫోనూ పలకలేదు.
సుబాసి వచ్చింది.
ఇంటి కప్పు పోయింది, జీడితోట పోయింది,
అమ్మడానికేమీ లేక ఉత్త చేతులతో వచ్చింది.
కూచుని అడిగింది:
‘కనకలత ఏటయినాది?’

నాకేం తెలుసు!
నోరు తెరిచాను, అదే వచ్చేసింది:
కిటికీ ఊచ వంచి బయటపడింది,
లారీ ఎక్కింది, తెలియని ఊళ్లో దిగింది,
పిండిమర పెట్టింది.
సుబాసి చాలాసేపు పిండిమర గురించే అడిగింది,
మోటారు ఎన్ని హెచ్‌పీ,
అప్పు ఎవరిచ్చారు.

కరెంటు వచ్చాక తెలిసింది.
తొమ్మిదో రోజునే శార్వరి మేడమెట్ల మీంచి తోసేసిందట.
పటానికి దండ.
ధరణి పాత ఆకుపచ్చ చీరలో ఏడుస్తోంది,
సీమంతం నాడు కట్టిందే.
రెండు పూటలు నాకు ముద్ద దిగలేదు.

మళ్లీ గురువారం.
‘పిండిమర నడుస్తందా?’
‘నడుస్తంది’ అన్నాను.

‘తూర్పు గుమ్మం’ అయిపోయి మూడేళ్లు.
ఆ గంటకి బదులు ఇప్పుడేదో ఈల.
కొత్తది చూడననుకునేరు, చూస్తున్నాను,
అందులో పోలీసావిడ బావుంటుంది.

మొన్న సుబాసి కూతురు ఎస్తేరు
ఫోన్లో పాత భాగాలు వెతికి తల్లికి చూపించిందట.
మేడమెట్లు, దండ, అన్నీ.
గుడ్డ సగంలో నా కత్తెర ఆగింది.
సుబాసి చుట్ట ముట్టించుకుని
పొగ వదిలి
‘బాగునేదు. దాన్లో మిషను సప్పుడు నేదు’ అంది.
కాసేపాగి,
‘రెండో మర కొన్నాదా?’

ఆ సాయంత్రం చూసుకుంటే
మహాపాత్రో టీచరమ్మ జాకెట్టుకి
రెండూ ఎడమ చేతులే కుట్టేశాను.