ముందు చక్రంలో దారం

నెలాఖరు ఆదివారం షట్టరు సగానికి దించి
పన్నెండో నంబరు పానా, పాత టూత్‌బ్రష్షు, కిరసనాయిలు సీసా
కుట్టుమిషను పక్కన పరుచుకుంటాను.
నేను బల్ల మీదికి జరిగి
కుర్చీని పక్కకి పడుకోబెడతాను.
మనిషి లేకపోతే ఎంత తేలిగ్గా దొర్లుతుందో, దొంగది!

ముందు చక్రం ఇరుసు విప్పితే
నెలంతా అక్కడే ఉంటుంది.
దారాలూ వెంట్రుకలూ గ్రీజూ కలిసి బిగిసిన ముద్ద.
సూదిమొనతో లాగుతాను. తొందరపడితే లోపలే తెగుతుంది.
ఈ మెరూన్‌ది కన్యాశ్రమం పిల్లల యూనిఫారం.
ఈ జరీపోగు సుకాంతి పెళ్ళి జాకెట్టుది,
రెండుసార్లు విప్పించింది మహాతల్లి.
తెల్లవెంట్రుక మాత్రం నాదే.

ఈ కుర్చీ శిబిరంలో ఇచ్చారు.
పేరు పిలిచారు, దండ వేశారు, ఫొటో తీశారు.
కొలత తియ్యలేదు.
పర్లాకిమిడిలో సగంమంది ఆడవాళ్ళ భుజాలూ నడుములూ
నా పుస్తకంలో ఉన్నాయి
(బోర్డు ఒడియాలో, కొలతలు తెలుగులో).
నాకు మాత్రం పద్దెనిమిది అంగుళాల సీటు,
ఎవరిదో వదులు జాకెట్టు.
లోపల ఒక వారకి ఒరిగిపోయేదాన్ని.
పాదాల పలక మరీ కిందికి, కాళ్ళు వేలాడేవి.
చక్రం అందుకోవాలంటే మోచేతులు
రెక్కలు విప్పిన కోడిలా చాచాలి.
రాత్రికి భుజాలు ఒకటే పోటు.

ఏడాది పట్టింది నాకు బుద్ధి రావడానికి.
ఒక మధ్యాహ్నం నా మెడలో టేపే తీసి
తుంటి వెడల్పు పధ్నాలుగున్నర,
మోకాలి వెనకనుంచి మడమకి పదిహేను,
కొత్త పేజీలో రాసుకున్నాను.
పేరు: మాణిక్యం. సొంతం.
అడ్వాన్సు గడి ఖాళీ.

దండాసి సాహు సైకిల్ షాపులో ఆ పేజీ చదివాను.
మడత కడ్డీలు కోసి మూడంగుళాలు తగ్గించాడు,
పలక పైకి లేపాడు,
కొత్త ప్లేటు వేసి పెద్ద ఇరుసు రెండు బెజ్జాలు ముందుకి జరిపాడు.
"ఇలాగైతే తేలికే గానీ అపా, ఎనక్కి పడిపోతావు."
"ఎంత తేలిక?" అన్నాను.
పడ్డాను కూడా, రెండుసార్లు.
రెండోసారి వెనక గోనెసంచులు పరిచాడు గనక తల బతికింది.

సీటు గుడ్డ నేనే కుట్టాను:
లారీ టార్పాలిను, రెండు పొరలు, నాలుగు వరసల కుట్టు.
బ్రేకు పిడి రబ్బరు ఊడిపోతే
కొమ్ముపని చేసే మహారణా తాత
గేదెకొమ్ము అరగదీసి తొడుగు చేశాడు.
జీవితమంతా కొంగల్ని చేసిన చెయ్యి;
అలవాటు పోక చివర చిన్న ముక్కు మిగిల్చాడు.
బ్రేకు వేసినప్పుడల్లా పొడుస్తుంది.

టైరు బొటనవేలికి లొంగకూడదు. లొంగిందా, బ్రేకు పట్టదు.
స్పోకుల్ని కత్తెర పిడితో తడతాను,
ఒకటి మందంగా పలుకుతుంది.
పావుచుట్టు చాలు. ఎక్కువైతే చక్రం వంకరపోతుంది,
బాబిన్ బిగువు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఈ నెల ముద్ద అడుగున ఒక గడ్డివిత్తు.
పొడుగాటి ముల్లుతోక, దానికి ఎండిన మట్టి.
మా వీధంతా సిమెంటు.
ఎక్కడిదో గుర్తు రావడానికి కాసేపు పట్టింది.
పోయిన బుధవారం, జాకెట్టు ఇచ్చే నెపంతో, పాతపట్నం.
రాష్ట్రం మారేచోట రెండు తార్లూ కలవక
రోడ్డు మూడంగుళాలు తెగి ఉంటుంది.
అక్కడ నన్ను ఎప్పుడూ ఎవరో ఒకరు దాటించాలి.
ఆవేళ ఎవరూ లేరు.
చక్రాలు వెనక్కి ఒక పట్టు పట్టి ముందుకి విసిరాను.
ముందువి గాల్లోకి లేచి
అవతల దిగాయి.

తిరిగొస్తూ, పనేమీ లేకుండానే,
మహేంద్రతనయ గట్టు మీదికి పోయి కూచున్నాను.
ఎప్పుడూ కూచునే ఉంటాను. అయినా, కూచున్నాను.

విత్తుని పారెయ్యలేదు.
పుస్తకంలో నా పేజీ తీసి
అడ్వాన్సు గడిలో గుండుసూదితో గుచ్చాను.

ఇంకో చక్రం విప్పాలి.